‘భర్త పేరు’ అనే గడి

ఇరవై తొమ్మిదేళ్లు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో అంకెలు చూశాను. ఆ ఏళ్లలో నా హోదా పేరు నాలుగైదుసార్లు మారింది, ఆ వివరం ఎవరికీ పనికిరాదు. పని మాత్రం ఒక్కటే. ఓట్ల పట్టికలు, వాన లెక్కలు, తుపాను మృతులు, పరీక్షల ఫలితాలు, ఏ వార్తలో అంకె ఉన్నా ఆ కాగితం నా బల్ల మీదుగా వెళ్లాలి. నేను లెక్కలు ఎవరి దగ్గరా చదువుకోలేదు. ఇంటర్ తప్పాను, అదీ లెక్కల్లోనే. పాతపట్నంలో మా నాన్న ధాన్యం తూకాల దగ్గర కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని బస్తాలు నోటితో కూడడం నేర్చుకున్నాను. తర్వాత శాతాలు, సగటులు పాత పుస్తకాలు కొనుక్కుని నేనే పట్టాను. ఆఫీసులో నన్ను లెక్కల మాస్టారు అనేవారు. అందులో సగం వెక్కిరింపు.

నా బల్ల మీదుగా తప్పుడు అంకె పోలేదని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. అది నిజం కాదు. ఒకటి పోయింది. అది ఇప్పుడు నౌపడ దాటాక ఉప్పుమళ్ల పక్కన ఒక ఊళ్లో, మూడు రంగులు పూసిన దిమ్మె మీద, నల్లరాతిలో చెక్కి ఉంది. ఆ రాతి మీద పన్నెండు పేర్లున్నాయి. అందులో ఒకటి ఉండకూడదు. తొమ్మిది ఉండాల్సినవి లేవు. ఈ పన్నెండూ ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరెవరి చేతులు మారాయో, జిల్లా డెస్కుల్లో చేరబోయే వాళ్లకు చెప్పాలి. కోపంగానే చెబుతాను. ఆ కోపంలో మొదటి వాటా నాది.

వెనుకబడిన

ముందు మా ఇన్‌చార్జి గురించి. ఆయన కృష్ణా ప్రాంతం నుంచి వచ్చినవారు. వాక్యం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నాకు ఆయనే నేర్పారు. ఆ రుణం ఉంది. అయితే ఆయన చేతిలో మా జిల్లా పేరుకు ముందు ఒక మాట ఎప్పుడూ తగిలి ఉండేది. వెనుకబడిన జిల్లా. వంతెన కట్టినా వెనుకబడిన జిల్లా, ఆటల పోటీలో పతకం వచ్చినా వెనుకబడిన జిల్లా. ఒక నెల నేను పట్టుదలగా లెక్కపెట్టాను. నలభై ఒక్కసారి. కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను.

“ఏవయ్యా మాస్టారూ, వెనకబడ్డామా లేదా?” అన్నారు.

“ఏ లెక్కలో సార్?”

“అన్నిట్లోనూ.”

“వానల్లో ముందున్నాం సార్.”

“తుపాన్లలో కూడా ముందున్నారు. వేసేయ్, అదీ వేసేయ్,” అని నవ్వారు. నేనూ నవ్వాను. మాట అలాగే ఉండిపోయింది.

ఇంకో సంగతి ఉంది. మా వాళ్ల మాట పేపర్లో ఉన్నది ఉన్నట్టు ఎప్పుడు పడేదంటే, ఏడిస్తేనో తాగితేనో. తుపానులో ఇల్లు పోయిన ముసలమ్మ ‘ఏటి సెయ్యాల బాబూ’ అంటే అలాగే అచ్చయ్యేది. అదే మాటను ఎమ్మెల్యే మైకులో అంటే ‘ఏమి చేయాలి’ అని దిద్దేవాళ్లం. టీవీలు వచ్చాక ఇంకా సుఖమైంది, పనిమనిషి వేషానికీ వెర్రివాడి వేషానికీ మా యాస సిద్ధంగా దొరికింది. ఏళ్ల తరబడి ఇలా చూపిస్తే జనం తమను తాము అలాగే చూసుకుంటారు. మా పక్కింటి అమ్మాయి హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లి, ఏ ఊరమ్మా అని అడిగితే “వెనుకబడిన జిల్లా సార్” అని చెప్పిందట. ఊరి పేరు చెప్పకుండానే. ఆ మాట ఆమె నోట్లో పెట్టింది ఎవరో నాకు తెలుసు. నలభై ఒక్కసారి లెక్కపెట్టి, నవ్వి, ఊరుకున్నవాణ్ని.

ఉప్పుమళ్ల ఊరు

స్వాతంత్య్రానికి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. అన్ని ఎడిషన్లూ సమరయోధుల మీద ప్రత్యేక పేజీలు వేస్తున్నాయి. ఉప్పు పన్ను రోజుల్లో మా తీరంలో జరిగిన గొడవల మీద అర పేజీ వెయ్యమని ఇన్‌చార్జి నాకు అప్పజెప్పారు. చేతికి ఒక పాత పోలీసు రికార్డు నకలు ఇచ్చారు. అందులో ఆ ఊరివాళ్లు పదకొండుమంది మగవాళ్ల పేర్లున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, శిక్ష.

నేను పద్ధతి మనిషిని. ఊరికి వెళ్లేముందు స్కేలు పెట్టి ఒక ఫారం గీసుకున్నాను. గడుల పేర్లు ఆ పాత రికార్డులోంచే దించాను. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, శిక్ష. నాకో నియమం ఉండేది, దాన్ని చూసి గర్వపడేవాణ్ని కూడా. గడి ఖాళీగా ఉన్న వరస పేపర్లోకి పోకూడదు. వరస మొత్తం కొట్టేయాలి.

ఆ ఊళ్లో బాప్టిస్టు చర్చి వెనక వీధిలో పెంటమ్మ అనే ముసలామె ఉండేది. ఎనభై దాటాయి. నులకమంచం మీద కూర్చుని చీపురు పుల్లలు ఏరుతోంది. కూతురు రాహేలు పక్కన చేపలు ఆరబెడుతోంది. నేను వెళ్లింది, పదకొండుమంది మగవాళ్లలో ఎవరి పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుందామని.

“ఏటి రాస్తన్నావు బాబూ?” అంది పెంటమ్మ.

“ఉప్పు గొడవలో ఉన్నవాళ్ల పేర్లమ్మా.”

“నానున్నాను. రాయి.”

రికార్డులో ఆడవాళ్లెవరూ లేరని చెప్పాను. ఆమె పుల్లలు పక్కన పెట్టింది.

“తొమ్మండుగురం ఆడోల్లం. మడి గీసి ఉప్పు గంపలకెత్తినాం. పోలీసోడు గంప తన్నినాడు. మల్లీ ఎత్తినాం. మల్లీ తన్నినాడు.”

“ఎన్నిసార్లమ్మా?”

“లెక్కెట్టడానికి నువ్వు లేవు గదా అప్పుడు.”

రాహేలు నవ్వింది. పెంటమ్మ నవ్వలేదు, చెప్పుకుపోయింది. మగవాళ్లనూ ఆడవాళ్లనూ కలిపి ఠాణాకు తోలారు. జమేదారు పుస్తకం తెరిచాడు. మగవాళ్లు తమ పేర్లు, తండ్రుల పేర్లు చెప్పారు, రాసుకున్నాడు. తర్వాత ఆడవాళ్ల వంతు.

“పేరేటంటే సెప్పినాం. మొగుడి పేరేటంటే ఎవులు సెప్తారు? ఆడి ఆయిస్సు తగ్గిపోదా? జమేదారు కర్ర తిప్పినాడు. మా సూరమ్మ ఏటందో ఎరుగుదువా? ‘మా ఇంటికెల్లి ఆడినే అడుగు, ఆడి పేరు ఆడే సెప్పుకుంటాడు’ అంది. మేం నవ్వినాం. ఆడికి కోపమొచ్చింది. ఉప్పు గోదాంలో ఎట్టి తాళమేసినాడు. రెండు రోజులు. నీల్లు నేవు. మూటల మీద కూకున్నాం. పెదాలు పగిలిపోయి నెత్తురు కారితే ఆ నెత్తురూ ఉప్పే.”

“పుస్తకంలో రాసుకోలేదా?”

“మొగుడి పేరు నేకపోతే పుస్తకంలోకి ఎక్కదంట. మూడో నాడు పొమ్మన్నాడు.”

తొమ్మిది పేర్లూ, అప్పటి వయసులూ గబగబా చెప్పింది. శిక్ష గడిలో ‘గోదాం, రెండు రోజులు’ అని రాసుకున్నాను. ఆ తర్వాత నేను అడిగిన మాట ఇప్పుడు తలచుకున్నా నాకు సిగ్గే.

“మీ ఆయన పేరేంటమ్మా?”

పెంటమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “నువ్వూ జమేదారువేటి?”

రాహేలు చేపల దగ్గర్నుంచి కేకేసింది. “నరసయ్య. రాసుకో బాబూ, మాయమ్మ సచ్చినా సెప్పదు.”

“ఆడప్పుడు రంగంలో ఉన్నాడు,” అంది పెంటమ్మ. రంగం అంటే రంగూన్. మా వైపు పాతవాళ్లకు అది పక్క ఊరంత మామూలు. కూలికి ఓడెక్కి వెళ్లేవారు. పెళ్లయిన ఏడాదే వెళ్లాడట, ఉప్పు గొడవ ముగిసిన రెండేళ్లకు ఓడ దిగాడట. నేను ఫారం అంచున ‘రంగం’ అని రాశాను.

మిగతా ఎనిమిదిమంది అప్పటికే పోయారు. వాళ్ల భర్తల పేర్లు అడిగాను. “వరసకి అందరూ నాకు బావలూ మావలే. ఆల్ల పేర్లు నా నోటికి రావు,” అంది. రాహేలుకు తెలియదు. ఊళ్లో ఏ మగవాణ్ని అడిగినా పది నిమిషాల పని. నాలుగు గంటల బస్సు ఉందని లేచాను.

ఇంటికో పేరు

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది వరసల్లో ఒక గడి ఖాళీ. స్కేలు పెట్టి ఎనిమిదీ కొట్టేశాను. పెంటమ్మ వరస ఒక్కటే నిండుగా ఉంది. పదకొండుమంది మగవాళ్ల కింద ఆమె పేరు రాసి ఇన్‌చార్జికి ఇచ్చాను.

“పదకొండుమంది మధ్య ఈవిడొక్కత్తే ఏంటయ్యా? ఆధారం?”

“ఆమే చెప్పింది సార్.”

“నేను గాంధీగారి పక్కన నడిచానని చెబుతా, వేస్తావా? భర్త పేరు ఉందిగా, ఇంటికో పేరు చాలు. యజమాని పేరు వెయ్యి, కింద ఈవిడ ఫొటో వేద్దాం, సమరయోధుడి భార్య అని. పేజీ నిండుగా ఉంటుంది.”

అంచున ‘రంగం’ అన్న మాట నాకు కనబడుతూనే ఉంది. కానీ అది అంచు, గడి కాదు. నా ఫారంలో ‘ఆ రోజు ఎక్కడున్నాడు’ అనే గడి లేదు. కలం తీసి పన్నెండో పేరు నరసయ్య అని నా చేత్తోనే రాశాను. ‘ఉప్పు పోరులో ఆ పన్నెండుగురు’ అని శీర్షిక పెట్టారు. పెంటమ్మ ఫొటో బాగా వచ్చింది. ఆ పేజీకి నాకు మెప్పు లేఖ కూడా వచ్చింది.

ఇన్‌చార్జి మీద తోసేయవచ్చు. ఆయన ఇప్పుడు లేరు, ఎదురు చెప్పరు. నేను తోసేయను. ఆయనకు రంగం సంగతి తెలియదు. నాకు తెలుసు.

నాలుగు ఆధారాలు

రిటైరైన నాలుగో నెలలో ఒక ఉదయం యాభై ఏళ్లకు దగ్గరపడ్డ ఆమె మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చేతిలో ఆరోగ్య ఉపకేంద్రం సంచి. పేరు ఎస్తేరు, నర్సు. రాహేలు కూతురు, పెంటమ్మ మనుమరాలు. ఒక ఆహ్వానపత్రం నా ముందు పెట్టింది. స్వాతంత్య్రానికి డెబ్బై ఐదేళ్లయిన సందర్భంగా ఊళ్లో స్తూపం కడుతున్నారు. పన్నెండుమంది పేర్లు. వారసులకు సన్మానం.

“మీ పేపరు అప్పుడు నానే సదివి ఇనిపించినాను అన్నయ్యా. మా అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. ‘ఆడు రంగంలో ఉండి ఈడ ఉప్పెత్తినాడేటే’ అని. పేపరే గదా అని ఊరుకున్నాం. కాగితం పోతాది. రాయి పోదు.”

“ఏం కావాలమ్మా నీకు?”

“మా తాత పేరు తీసేయాల. అమ్మమ్మ పేరెట్టాల. మిగతా ఎనిమిదిమందివీ ఎట్టాల. ఆల్ల పేర్లు మా అమ్మ దగ్గరా నేవు, నా దగ్గరా నేవు. మీరు రాసుకున్నారని అమ్మమ్మ సెప్పేది.”

నేను రాసుకున్న ప్రతి కాగితం నా దగ్గర ఉంటుంది. అటక మీద పెట్టె దించి ఫారం తీశాను. ఎనిమిది వరసల మీద నీలం గీతలు. గీతల కింద పేర్లు చదవొచ్చు. ఎస్తేరు ఒక్కో పేరూ వేలు పెట్టి చదివింది. గీతలు ఎవరివని అడగలేదు. నేనే చెప్పాను.

“నీకు బస్సుందనీ, అందికే ఎలిపోయినావనీ సెప్పింది అమ్మమ్మ,” అంది ఎస్తేరు. అప్పటిదాకా ‘మీరు’ అన్న మనిషి ఆ ఒక్క వాక్యంలో ‘నువ్వు’ అంది. అది నాకు న్యాయంగానే అనిపించింది.

జిల్లా కేంద్రంలో ఆ స్తూపాల పని చూసే కార్యాలయానికి ఇద్దరం వెళ్లాం. అధికారి మర్యాదస్థుడే. కుర్చీలు వేయించాడు, దస్త్రం తీశాడు. “మేం ఊరికే చెక్కించడం లేదండి. నాలుగు ఆధారాలున్నాయి,” అని ఒక్కొక్కటీ చూపించాడు. మా పేపరు పేజీ. ఆ తర్వాతి ఏడాది ప్రభుత్వం వేసిన ఒక చిన్న పుస్తకం. బడిపిల్లల క్విజ్ పోటీల కోసం టీచర్లు కూర్చిన ప్రశ్నల పుస్తకం, ‘ఉప్పు పోరులో పాల్గొన్న మన జిల్లా వీరులు ఎందరు? జవాబు: పన్నెండుగురు’. ఒక టీవీ ఛానెల్ అరగంట కార్యక్రమం.

రెండు రోజులు ఆ నాలుగూ ముందు పెట్టుకుని చూశాను. ప్రభుత్వ పుస్తకంలో పేర్ల వరస మా పేజీ వరసే. మా పేజీలో ఒక ఇంటిపేరు అచ్చుతప్పు పడింది, వాళ్ల పుస్తకంలోనూ అదే తప్పు ఉంది. ప్రశ్నల పుస్తకం ప్రభుత్వ పుస్తకం నుంచి. టీవీవాళ్లు ప్రశ్నల పుస్తకం నుంచి. ఆ కార్యక్రమంలో నరసయ్య వేషం కట్టినవాడు తెల్లటోపీ పెట్టుకుని లాఠీదెబ్బకు ఉప్పుమడిలో పడిపోతాడు. ఒడ్డున ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఉప్పుమళ్లలో హారతి. అసలు మడిలో దిగినవాళ్లను ఒడ్డుకు లాగి, చేతుల్లో పళ్లెం పెట్టి నిలబెట్టారు. రంగూన్‌లో ఓడ సరుకు దించుతున్నవాణ్ని తెచ్చి మడిలో పడేశారు. వెనక దేశభక్తి సంగీతం.

నాలుగు ఆధారాలు కావవి. నాలుగు చోట్ల నా చేతిరాత.

డెస్కులో చేరేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. దేశం తన గురించి తాను చెప్పుకునే కథ ఎక్కడో పెద్దవాళ్లు కూర్చుని రాస్తారనుకుంటాం. కొంత రాస్తారేమో. మిగతాది ఇలా తయారవుతుంది. పోలీసు ఒక గడి గీస్తాడు. పత్రిక ఆ గడి దించుకుంటుంది. ప్రభుత్వం పత్రికను దించుకుంటుంది. బడి ప్రభుత్వాన్ని దించుకుంటుంది. తెల్లవాడి జమేదారు గీసిన గడి తెల్లవాడు పోయాక కూడా పని చేస్తూనే ఉంది, దానికి కొత్త స్కేలుతో కొత్త గీత గీసింది నేను. ఆ పాఠం చదివి పెరిగిన పిల్ల, మన ఊరి ఆడవాళ్లు ఏం చేశారు అంటే, హారతి పట్టారు అంటుంది. అది ఆ పిల్ల తప్పా?

దస్త్రం

మళ్లీ వెళ్లాం. ఫారం అధికారి ముందు పెట్టి జరిగింది మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

“ఇది చేతిరాత కాగితం కదండీ. ఆధారం కిందికి రాదు. అచ్చులో ఎక్కడైనా వచ్చిందా?”

“వచ్చింది తప్పే. ఆ తప్పు రాసింది నేనే.”

“అయితే అప్పుడే సరిగా రాయాల్సింది.”

ఆయన ప్రొఫార్మా తీసి చూపించాడు. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, శిక్ష, ఆధారం. నేను స్కేలు పెట్టి గీసిన వరసే, చివర ఒక గడి ఎక్కువ.

“ఈ ఎనిమిది పేర్లకు భర్తల పేర్లు లేవు. ఇంటిపేర్లు లేవు. కోర్టు వేసిన శిక్ష కూడా లేదు.”

“రెండు రోజులు ఉప్పు గోదాంలో పెట్టారు సార్, నీళ్లు లేకుండా,” అన్నాను.

“రికార్డులో ఉందా?”

ఆయన ఎస్తేరు వైపు తిరిగాడు. “మీ తాతగారి పేరు రాతి మీదికి ఎక్కుతోంది కదమ్మా. గౌరవం మీ కుటుంబానికే. మళ్లీ వివాదం ఎందుకు? పైగా మీ పేరు ఎస్తేరు, తాతగారు నరసయ్య. వారసత్వం దగ్గర ఎవరైనా అడ్డుపుల్ల వేస్తే మీకే ఇబ్బంది.”

“మీ కాగితంలో మతం గడి నేదు గదా సార్. మీరెందుకు నింపుతన్నారు?” అంది ఎస్తేరు.

ఆయన దస్త్రం మూశాడు. రాయి అప్పటికే చెక్కేశారట. మేం మొదటిసారి వెళ్లే ముందే.

నేను పనిచేసిన పత్రికకు సవరణ రాసి పంపాను. ఇరవై ఐదేళ్ల నాటి పేజీకి సవరణ వేసే పద్ధతి లేదని జవాబు వచ్చింది. ఫోన్ చేస్తే, “పండగ పూట ఇలాంటివి వేస్తే దేశభక్తుల్ని కించపరిచారంటారు సార్,” అన్నారు. ఎవరిని కించపరిచినట్టు? ఆ తొమ్మిదిమంది ఏ దేశంవాళ్లు?

మైకు

ఆగస్టు పదిహేను పొద్దున ఊళ్లో షామియానా వేశారు. రాతి మీద గుడ్డ తీశారు. పన్నెండు పేర్లు, పన్నెండోది నరసయ్య. వారసులను ఒక్కొక్కరినే పిలిచి శాలువా కప్పుతున్నారు. ఎస్తేరును పిలిచారు. శాలువా కప్పి, ఫొటో తీసి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. విలేకరుల కుర్చీలు అప్పటికే ఖాళీ అవుతున్నాయి. పక్క మండలంలో మంత్రి కార్యక్రమం ఉంది.

“మా తాత మంచోడు,” అంది ఎస్తేరు. “మా అమ్మకి రంగం నుంచి గాజులు తెచ్చి దాసినోడు. కానీ ఆ దినం ఈడ నేడు. రంగంలో ఓడ కాడ ఉన్నాడు. ఈడున్నది మా అమ్మమ్మ. మొగుడి పేరు సెప్పనేదని ఆయమ్మని పుస్తకంలో ఎక్కించనేదు. మీరూ ఎక్కించనేదు. నాను సెప్తాను, ఇనండి.”

సంచిలోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేరు దగ్గర వ్యాఖ్యాత వచ్చి, సమయాభావం వల్ల అంటూ మైకు మెల్లగా తీసుకున్నాడు. ఎస్తేరు మైకు లేకుండా మిగతా ఐదూ చదివింది. వెనక వరసలో ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె గట్టిగా అంది. “తవిటమ్మా? మా ముత్తమ్మమ్మ గదే. నాకేటీ ఎరక నేదు.”

పక్కామె, “నీకెలగ ఎరకవుతాది, నువ్వు టీవీలో హారతి సూసినావు,” అంది.

మర్నాడు పేపరు చూశాను. ‘మా తాత త్యాగం మరువలేనిది: సమరయోధుడు నరసయ్య మనుమరాలు.’ శాలువాతో ఎస్తేరు ఫొటో. ఆమె అన్న ఒక్క మాటా లేదు. ఆమె అనని మాట శీర్షికలో ఉంది.

ఆ వార్త రాసిన విలేకరి నేను తర్ఫీదు ఇచ్చినవాళ్లలో ఒకామె. బాగా రాస్తుంది. ఫోన్ చేశాను. వార్త ముందే ఆహ్వానపత్రం చూసి రాసి పెట్టుకున్నానని దాచకుండా చెప్పింది. కార్యక్రమంలో ఇలా జరిగిందని తర్వాత తెలిసిందట.

“తెలిశాక మార్చొచ్చు కదమ్మా?”

“మీరే కదా సార్ నేర్పారు. నోటిమాట ఆధారం కాదు, కాగితం ఉండాలి అని. ఆమె చెప్పినదానికి కాగితం లేదు. నరసయ్యగారికి నాలుగున్నాయి.”

ఆమె వెటకారంగా అనలేదు. బాగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది.

సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది. “అన్నయ్యా, నాను అలగ అన్నానా?”

“అనలేదు.”

“పేపర్లో పడింది గదా. కొన్నాల్లకి నానే అన్నట్టు అయిపోతాదేటి?”

“అవుతుంది,” అన్నాను. ఇరవై తొమ్మిదేళ్లు చూసినవాణ్ని, అబద్ధం చెప్పలేకపోయాను. ఇప్పుడు నరసయ్యకు ఐదు ఆధారాలు. ఐదోది సొంత మనుమరాలి నోటి నుంచే.

అచ్చులో

మీరు రేపు డెస్కులో కూర్చున్నప్పుడు మీకూ ఒక ఫారం ఇస్తారు. ఇప్పుడది కంప్యూటర్లో ఉంటుంది, గడి నింపకపోతే ముందుకే పోనివ్వదు. ఎవరైనా ఒక గడి నింపలేదంటే వాళ్లు అక్కడ లేరని అనుకోకండి. ఆ గడి ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని అడగండి. అంచున రాసుకున్న మాటను ముందు చదవండి. నాలుగు కాగితాలు ఒకే మాట చెబితే సంతోషించే ముందు వాటి అచ్చుతప్పులు పోల్చి చూడండి. బస్సు పోతే పోనివ్వండి, ఇంకోటి వస్తుంది. పెంటమ్మ దగ్గరికి నేను మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు.

ఆ అధికారి అచ్చులో ఏదైనా వచ్చిందా అని అడిగాడు. ఇది అచ్చవుతోంది. అందుకే రాశాను, ఇంకే కారణమూ లేదు. ఉప్పు పన్ను రోజుల్లో నౌపడ దాటాక ఉన్న ఆ ఊళ్లో మడి గీసి, గంపలకు ఉప్పెత్తి, తన్నించుకుని, మళ్లీ ఎత్తి, రెండు రోజులు నీళ్లు లేకుండా గోదాంలో ఉన్న ఆడవాళ్లు వీళ్లు. పెంటమ్మ చెప్పిన వరసలోనే రాస్తున్నాను. పెంటమ్మ. సూరమ్మ. తవిటమ్మ. పోలమ్మ. నీలమ్మ. ఎర్రమ్మ. అప్పలమ్మ. లచ్చమ్మ. చిన్న సూరమ్మ. భర్త పేరు అనే గడి వీళ్లలో ఎవరికీ నింపలేదు, పెంటమ్మకు కూడా. వాళ్లు చెప్పనన్నారు.

తొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను. ఈ పేజీ చింపి ఆ దస్త్రంలో పెట్టండి.